49 రోజుల సెలవులు, చేతిలో 11 లీవులు: ఈ వేసవి మా ఇంట్లో ఎలా గడిచిందంటే

2025 జూన్ 12 ఉదయం పిల్లలిద్దరినీ స్కూల్ బస్సు ఎక్కించి వచ్చి, ఫ్రిజ్ మీద అతికించిన చార్టు తీసి చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నాను. మార్చిలో నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో గీసిన చార్టు అది. ఇప్పుడందులో సగం గళ్లు కొట్టివేతలే. వేసవి మాత్రం బాగా గడిచింది. వచ్చే ఏడాది ఇలాగే లెక్కలు వేసుకునే ఉద్యోగాల తల్లిదండ్రులకు పనికొస్తుందని, మరిచిపోకముందే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది హైదరాబాద్, నిజాంపేట. బాబుకు పదకొండేళ్లు, పాపకు ఏడు. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. స్కూలు క్యాలెండరులో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులని ఉంది. ఏప్రిల్‌లో 7, మేలో 31, జూన్‌లో 11, మొత్తం 49 రోజులు. శని ఆదివారాలు, మే డే, జూన్ 2 తీసేస్తే 33 పనిదినాలు తేలాయి. నా దగ్గర 11 లీవులు, మా ఆయన దగ్గర 6. ఇద్దరం ఒక్కరోజు కూడా కలిసి ఇంట్లో ఉండకుండా వాడుకున్నా 16 రోజులు పిల్లల దగ్గర ఎవరూ ఉండరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సెలవులొస్తున్నాయంటే పిల్లలు గంతులేస్తున్నారు, నాకేమో కడుపులో టెన్షన్.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి, సెలవుల్లో ఏం కావాలో ఒక్కొక్కటే చెప్పమన్నాం. బాబు ఆలోచించకుండా "అమ్మమ్మ వాళ్ల కాలువలో ఈత" అన్నాడు. పాప "మేడ మీద అమ్మమ్మ పక్కన పడుకోవాలి" అంది. మా నాన్నగారు రిటైరయ్యాక మూడేళ్ల కిందట రాజోలు దగ్గర సొంతూరికి వెళ్లిపోయారు. మేము సంక్రాంతికే వెళ్లొస్తాం. సంక్రాంతికి ఇంటి ముందు కాలువ నిండుగా పారుతుంటుంది. రేవు మెట్ల మీద నిలబడి వాడు నీళ్లకేసి చూడటం నాకు తెలుసు. ఈత రాదు కాబట్టి దిగనివ్వలేదు. అందుకని ముందు ఈత నేర్పించి, తర్వాత ఊరికి పంపుదామనుకున్నాం. మొత్తం ప్లాన్ ఆ కాలువ చుట్టూనే కట్టుకున్నాం.

టికెట్ల సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అక్కడ ఆలస్యమైతే మిగతావన్నీ తలకిందులవుతాయి. ఇదివరకు రైలు రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరిచేవారు. 2024 నవంబరు నుంచి 60 రోజులే. మే 9 శుక్రవారం రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ కావాలంటే మార్చి 10 ఉదయం 8 గంటలకు సిద్ధంగా ఉండాలి. పేర్లు, వయసులు ముందురోజే ఎక్కించి పెట్టుకున్నాను. అయినా డబ్బు కట్టే దగ్గర ఒకసారి తిరిగి, 8:06కు థర్డ్ ఏసీలో మూడు బెర్తులు వచ్చాయి, నాకూ పిల్లలకూ. పాపకు అరటికెట్ అవుతుందనుకున్నాను. ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లలకు అరటికెట్ తీసుకుంటే బెర్తు ఇవ్వరు, బెర్తు కావాలంటే పూర్తి చార్జీయే. మూడింటికీ కలిపి 2,300 దాకా అయింది.

అరకు కూడా అనుకున్నాం. విశాఖ నుంచి అద్దాల బోగీలో బొర్రా గుహల మీదుగా వెళ్లాలని మా ఆయనకు ఎప్పటి నుంచో కోరిక. ఆయన లీవు ఏప్రిల్ 10కి గానీ ఖాయం కాలేదు. అప్పటికి మాకు కావలసిన తేదీల్లో ఆ బోగీలో వెయిటింగ్ లిస్టు మొదలైంది. అరకు గడి కొట్టేశాను. ఆఫీసులో లీవు ఎప్పుడు ఇస్తారో ముందే అడిగి ఉండాల్సింది. టికెట్ తేదీ కంటే అదే ముఖ్యం.

ఇక సమ్మర్ క్యాంప్. ఏప్రిల్ మొదటి వారంలో మా పక్కనే ఉన్న ఒక క్యాంప్ వాళ్ల కరపత్రం వచ్చింది. మూడు వారాలు, ఉదయం 9 నుంచి 1 దాకా, ఈత, బొమ్మలు వేయడం, రోబోటిక్స్, యోగా అన్నీ. ఒక్కొక్కరికి 6,500. ఇద్దరికీ 13,000 ఒకేసారి కట్టేశాం. నాలుగు గంటలు పిల్లలు ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటారన్న ఆశే ఎక్కువ పని చేసింది, ఒప్పుకుంటాను. చేరిన రోజు ఈత దుస్తులు, టోపీ, కళ్లద్దాలు తప్పనిసరి, అక్కడే కొనాలన్నారు. మనిషికి 850.

మూడో రోజు నేను లీవు పెట్టి వెళ్లి చూశాను. వారానికి రెండు రోజులే ఈత. నలభై మంది పిల్లలు, ఒక్క కోచ్. అందర్నీ గట్టు మీద వరసగా కూర్చోబెట్టి, ఆరుగురు చొప్పున దింపుతున్నారు. గడియారం పెట్టుకుని చూశాను. ముప్పావు గంటలో మా బాబు నీళ్లలో ఉన్నది ఆరు నిమిషాలు. మిగతా సేపంతా ఎండకు కాలిన గట్టు మీద, తడి దుస్తుల్లో, ఒక కాలు మార్చి ఒక కాలు పైకెత్తుకుంటూ కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు కానీ నవ్వలేదు. రోబోటిక్స్ అంటే ఒక పెద్ద కిట్ చుట్టూ పదిహేను మంది నిలబడి చూడటం. డబ్బు వెనక్కి ఇమ్మంటే రసీదు తిప్పి చూపించారు, వెనక చిన్న అక్షరాల్లో ఫీజు వాపసు లేదని ఉంది. ఇంటికొచ్చి ఏడ్చాను. డబ్బు పోయినందుకు కొంత, మూడు రోజులుగా వాడు ఒక్క మాట కూడా చెప్పనందుకు ఎక్కువ. అడిగితే "నువ్వు డబ్బులు కట్టేశావు కదమ్మా" అన్నాడు.

క్యాంప్ అక్కడితో మానిపించాం. దయచేసి ఎక్కడైనా డబ్బు కట్టకముందు, క్లాసు నడుస్తుండగా వెళ్లి అరగంట నిలబడి చూడండి. ఒక కోచ్‌కి ఎంతమంది పిల్లలో లెక్కపెట్టండి. తర్వాత మాకు దొరికిన ఈత కొలను ఇంటికి నాలుగు కిలోమీటర్లు. పొద్దున 6 గంటలకు క్లాసు, కోచ్‌కి ఎనిమిది మంది, నెలకు 2,500. ఆ పొద్దుటి పూట నీళ్లు చల్లగా ఉంటాయి, ఎండ ఉండదు, ఏడున్నరకల్లా ఇంటికొచ్చేస్తారు. ఆఫీసుకు వెళ్లే ముందే పిల్లల రోజులో ముఖ్యమైన పని అయిపోతుంది. జీహెచ్ఎంసీ వాళ్లు కూడా ఏటా వేసవిలో మైదానాల్లో నామమాత్రపు ఫీజుతో ఆటల శిక్షణ పెడతారు. మా ఎదురింటి అబ్బాయి అందులో బ్యాడ్మింటన్ నేర్చుకున్నాడని ఆలస్యంగా తెలిసింది. వచ్చే ఏడాది ముందు అక్కడే కనుక్కుంటాను.

పగలంతా ఎవరు చూడాలన్న దానికి మా అపార్ట్‌మెంటులోనే దారి దొరికింది. మూడు ఇళ్లలో అయిదుగురు పిల్లలు. ఏప్రిల్ 27 ఆదివారం సాయంత్రం మా ఇంట్లో అందరం కూర్చుని వంతులు వేసుకున్నాం. ఎవరి వంతు రోజున వాళ్లు ఇంటి నుంచి పని చేయాలి, లేదా లీవు పెట్టాలి. పిల్లలంతా ఆ ఇంట్లోనే ఉంటారు, అన్నం అక్కడే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా అందరూ చాపల మీద పడుకోవాలి, నిద్ర రాకపోతే పుస్తకం. ఫోన్లు సాయంత్రం అరగంటే, ఏ ఇంట్లోనైనా అదే నియమం. కింది ఫ్లాట్ పిన్నిగారు వంతులో లేకపోయినా రోజూ పదకొండింటికి ఒక పెద్ద చెంబు నిండా మజ్జిగ చేసి పంపేవారు. ఆవిడ పేరు చెప్పుకుని చల్లగా ఉన్నాం.

మొదటి వారం చిన్న చిన్న గొడవలు వచ్చాయి. ఒక ఇంట్లో మధ్యాహ్నం ఏసీ వేస్తారు, మా ఇంట్లో కూలరే. ఒకరి పిల్లాడు కూర తినడు. ఇవన్నీ పెద్దవాళ్లం మనసులో పెట్టుకోకుండా వాట్సాప్‌లో కాకుండా మనిషికి మనిషి ఎదురుగా మాట్లాడుకున్నాం, సర్దుకున్నాయి. మొత్తం మీద తొమ్మిది పనిదినాలు ఈ వంతుల మీదే గడిచాయి. రూపాయి ఖర్చు లేదు.

చార్టు సంగతి. అందులో పొద్దున్న ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా ప్రతి గంటకూ ఏదో ఒకటి రాశాను. చేతిరాత, ఎక్కాలు, తెలుగు కథలు, బొమ్మలు, చదరంగం. మే 2న చూస్తే సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య గళ్ల మీద పాప క్రేయాన్‌తో అడ్డంగా "కాళీ" అని రాసి ఉంది. ఖాళీ అని రాయబోయింది. వత్తు దిద్దడానికి పెన్ను తీశాను, కానీ దిద్దలేదు. ఆ రెండు గంటలు నిజంగానే ఖాళీగా వదిలేశాం. పిల్లలు మెట్ల కింద అట్టపెట్టెలతో దుకాణం పెట్టుకున్నారు. పది రోజులు అదే ఆట. నేను రాసిన వాటిలో అంత ఇష్టంగా ఆడింది ఒక్కటీ లేదు. చేతిరాత, ఎక్కాలు పొద్దున టిఫిన్ అయ్యాక అరగంట మాత్రం ఉంచాను. చదరంగం తీసేశాను.

మే 8కి బాబు కొలను అడ్డంగా ఆగకుండా ఈదగలిగాడు. పాప చేతులు చాపి వెల్లకిలా తేలడం నేర్చుకుంది. మర్నాడు మే 9, ప్రయాణం. ఆ రోజే ఐపీఎల్ ఆపేశారు. పాకిస్తాన్ సరిహద్దులో కాల్పుల వార్తలతో ఊరంతా ఒకటే భయం. వెళ్లాలా వద్దా అని మధ్యాహ్నం దాకా తేల్చుకోలేదు. నాన్నగారు ఫోన్ చేసి "ఇక్కడికొస్తే మా కళ్ల ముందుంటారు, బయల్దేరమ్మా" అన్నారు. లింగంపల్లి ప్లాట్‌ఫారం మీద అందరి చేతుల్లో ఫోన్లు, అన్నిటిలో వార్తలే. పిల్లలు మాత్రం పులిహోర పొట్లం ఎప్పుడు విప్పుదామని అడుగుతున్నారు. పొద్దున పాలకొల్లులో దిగాం. చించినాడ వంతెన మీద ఆటో ఆపించి గోదావరిని చూపించాను. ఆ సాయంత్రమే కాల్పులు ఆగాయని టీవీలో చెప్పారు.

ఇల్లు చేరగానే బాబు సంచి గుమ్మంలో పడేసి రేవు దగ్గరికి పరిగెత్తాడు. వెనకాలే నేను. కాలువలో నీళ్లు లేవు. అడుగున ఎండి బీటలు వేసిన మట్టి, మధ్యలో చిన్న గుంటలో పచ్చగా నాచు, ఒక పక్క ఎండిపోయిన గుర్రపుడెక్క, ఎవరిదో ఒంటి చెప్పు. వాడు ఆఖరి మెట్టు మీద నిలబడిపోయాడు. వాడి కొత్త కళ్లద్దాలు మెడలోనే ఉన్నాయి.

అమ్మ వచ్చి "ఏటా ఎండాకాలం కాలవ కట్టేస్తారు కదే, మరమ్మతులకి. మళ్లీ జూన్‌లో వదుల్తారు. నీకు తెలీదా?" అంది. నిజంగా నాకు తెలీదు. వేసవిలో ఆ ఊరు నేనెప్పుడూ వెళ్లలేదు. రెండున్నర నెలలు ప్లాన్ వేసుకుని, రోజూ అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ, ఈ ఒక్క మాట అడగలేదు. అమ్మ కూడా, ఈత నేర్పిస్తున్నానంటే పట్నంలో పిల్లలకి అందరికీ నేర్పిస్తారు కదా అనుకుందట. ఆ రాత్రి మేడ మీద వాడు అటు తిరిగి పడుకున్నాడు. పాప అమ్మమ్మ పక్కన చేరి, ఆవిడ చీర కొంగు చేతికి చుట్టుకుని నిమిషంలో నిద్రపోయింది. ఒకరి కోరిక తీరింది, ఒకరిది తీరలేదు. నాకు చాలా బాధేసింది.

రెండో రోజు పక్కింటి పిల్లలు వచ్చి వాణ్ని పిలిచారు. ఎండిన కాలువలోనే వాళ్ల క్రికెట్. బంతి ఎటు కొట్టినా గట్టుకు తగిలి వెనక్కే వస్తుంది, ఎత్తుకు రావక్కర్లేదు. గట్టు దాటితే ఔట్. సాయంత్రానికి మోకాళ్ల దాకా మట్టితో వచ్చి "అమ్మా, ఇలాంటి గ్రౌండ్ హైదరాబాద్‌లో లేదు" అన్నాడు. తాతగారు ముంజకాయలు కొట్టించి, తిన్నాక బుర్రలకు పుల్ల గుచ్చి రెండు చక్రాల బండి చేసిచ్చారు. పొడవాటి పంగల కర్రతో దాన్ని తోసుకుంటూ పాప వీధంతా తిరిగింది. చక్రం విరిగితే ఇంకో ముంజకాయ తినాలి. అలా ఎన్ని తిన్నదో లెక్కలేదు.

మే 14 ఆవకాయ రోజు అని చార్టులో ఎర్ర రంగుతో రాసుకున్నాను. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు నలభై, కాయ 15 రూపాయలు, కొట్టించడానికి విడిగా కాయకు 3. పిల్లల పని ముక్కలు తుడవడం. ప్రతి ముక్కకూ జీడి తీసేసి, లోపలి పొర గోరుతో గీకి, పొడిగుడ్డతో అద్దాలి. పాప ఒక్కో ముక్కను బొమ్మకు ముఖం తుడిచినట్టు తుడుస్తోంది. సగం అయ్యేసరికి ఒక్కసారిగా మబ్బు పట్టి వాన. మేడ మీద ఆరబెట్టిన ముక్కలు, ఆవపిండి, కారం అన్నీ దుప్పట్లతో సహా మూటగట్టి కిందికి పరిగెత్తాం. ఒక బేసిన్ తడిసింది. ఒక్క చుక్క తగిలినా జాడీ మొత్తం బూజు పడుతుందని అమ్మ ఆ బేసిన్ విడిగా తీసేసింది. వాటిని ఆ రాత్రే పప్పులోకి, పచ్చడిలోకి సర్దేసింది. మిగతావి ఫ్యాను కింద ఆరబెట్టి మర్నాడు కలిపాం. మూడో రోజు జాడీ తిరగేసినప్పుడు నూనె పైకి తేలింది. వేడన్నంలో మొదటి ముద్ద బాబుకు పెట్టింది అమ్మ. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఇంకో ముద్ద అడిగాడు. నాకొచ్చిన రెండు జాడీల ఖర్చు 3,200.

18 రాత్రి నేనొక్కదాన్నే తిరిగొచ్చాను. పిల్లలు 29 దాకా అమ్మ దగ్గరే. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. మొదటి రెండు రోజులు హాయిగా అనిపించింది, మూడో రోజు నుంచి వాళ్ల మంచాల వైపు వెళ్లలేకపోయాను. రోజూ రాత్రి ఎనిమిదికి ఫోన్. ఈ ఏడు వానలు తొందరగా వచ్చాయి కదా, 26 నాటికే రుతుపవనాలు వచ్చేశాయి. మేడ మీద పడక మానేశారు. పిల్లలకు దోమతెర పంపకపోవడం నా పొరపాటే. పాప కాళ్ల నిండా దద్దుర్లు. ఊరికి పంపేవాళ్లు జ్వరం మందు, దోమతెర, టార్చి తప్పకుండా పెట్టండి. కరెంటు పోయినప్పుడు ఆ టార్చే మా అమ్మానాన్నలకు ఎక్కువ పనికొచ్చింది.

మే 29 రాత్రి మా ఆయనతో కలిసి మళ్లీ బయల్దేరాను. 31న తెల్లవారుజామునే కారు మాట్లాడుకుని అంతర్వేది వెళ్లాం, 1,800. నరసింహస్వామి దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ల గట్టు దాకా నడిచాం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది అక్కడే. గోదావరి వైపు నీళ్లు ఒక రంగు, సముద్రం వైపు మరో రంగు. పాప రెండు వైపులా వేలు ముంచి నాలుకకు రాసుకుని "ఇటూ ఉప్పే, అటూ ఉప్పే" అంది. అరకు వెళ్లలేదన్న వెలితి మా ఆయన ముఖంలో అక్కడితో పోయింది. బాబు ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో నాన్న చెయ్యి పట్టుకుని ఆడాడు. అక్కడ ఈత కొట్టనివ్వలేదు, కొట్టనివ్వకూడదు కూడా.

తిరుగు ప్రయాణమే కష్టమైంది. జూన్ 2 తెలంగాణ ఆవిర్భావ దినం, సోమవారం, వరస సెలవులు. ఆ రాత్రి టికెట్లు ఏప్రిల్ 3న తెరిచినప్పుడు నేను ఇరవై నిమిషాలు ఆలస్యంగా కూర్చున్నాను. వెయిటింగ్ లిస్టు 24 వచ్చింది. రెండు నెలలూ అది తగ్గుతూ వచ్చి మూడు దగ్గర ఆగిపోయింది. జూన్ 1 ఉదయం పదింటికి ఏసీ తత్కాల్ తెరుస్తారు. సరిగ్గా తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది, ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత. మేడ ఎక్కి ప్రయత్నించినా దొరకలేదు. చివరికి రాజోలు నుంచి ఆర్టీసీ బస్సులో ఆఖరి వరసలో నాలుగు సీట్లు దొరికాయి. బస్సులో పన్నెండేళ్ల లోపు పిల్లలకు అరటికెట్టే, సీటు కూడా ఇస్తారు. నలుగురికీ 2,700. రైలు టికెట్ చార్టు వేశాక దానంతటదే రద్దయింది, మనిషికి 60 రూపాయలు, దాని మీద పన్ను పోయి మిగతాది ఖాతాలో పడింది. రాత్రంతా కుదుపులు, ఒళ్లో ఆవకాయ జాడీ. రెండోది నాన్నగారే ఉంచేసుకున్నారు, మళ్లీ వచ్చినప్పుడు పట్టుకెళ్లమని.

జూన్ 4 నుంచి 11 దాకా మళ్లీ వంతులు, పుస్తకాలకు అట్టలు, బూట్లు. పెరిగిన కాళ్లకు పాత బూట్లు పట్టవని 10వ తేదీ రాత్రి తెలుసుకోవడం కంటే మే ఆఖర్లోనే చూసుకోవాల్సింది. దుకాణంలో రెండు గంటలు నిలబడ్డాం. ముప్పై వేలలో ముగించాలనుకున్నది దాదాపు 36,000 తేలింది. అందులో 13,000 ఆ క్యాంప్‌కు ఇచ్చినవే.

9వ తేదీ సాయంత్రం అట్టలు వేస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. కాలవకు నీళ్లొచ్చాయట, రేవు మూడో మెట్టు మునిగిందట. బాబు ఫోన్ లాక్కుని "అమ్మమ్మా, ఒక్కసారి దగ్గరికి తీసుకెళ్లవా" అన్నాడు. అమ్మ చెప్పులేసుకుని నడవడం, గేటు చప్పుడు వినపడ్డాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. వాడు ఫోన్ చెవికి నొక్కిపెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను చెవి ఆనించినా నాకేమీ వినపడలేదు. వాడికి మాత్రం వినపడుతోందట.